ఓడ తాడు చుట్టిన కొయ్య

నా పేరు ఒక బోర్డు మీద చూసుకోవాలని నాకు ముప్ఫై ఏడేళ్ల కోరిక. ఆ ముప్ఫై ఏడేళ్లూ బందరులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా పనిచేశాను. అక్షరం గుండ్రంగా ఉంటుందని, కొత్త ఆఫీసరు ఎవరొచ్చినా గది ముందు వేలాడే బోర్డు మీద ఏం రాయాలో పెయింటర్‌కి నేనే కాగితం మీద రాసిచ్చేవాణ్ణి. వచ్చినవాళ్ల పేర్లు రాయించాను, వెళ్లినవాళ్ల పేర్లు చెరిపించాను. నా పేరు మాత్రం హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనపడలేదు. రిటైరైన రోజున శాలువా కప్పారు గానీ, శాలువా మీద పేరు ఉండదు కదా.

అందుకని, మా పేటలోని బడి హెడ్మిస్ట్రెస్ గారు ఇంటికొచ్చి అడిగినప్పుడు నేను వెనకా ముందూ చూడలేదు. "కట్టెల పొయ్యి కాలంనాటి సామాను ఒక గదిలో పెడుతున్నామండీ. ఏది ఏమిటో మా టీచర్లకే తెలియడం లేదు, ఇంక పిల్లలకేం చెబుతాం? మీరు చూసి గుర్తుపట్టి, ఒక్కోదానికి ఒక కార్డు రాసిపెట్టాలి. గది బయట బోర్డు మీద 'వస్తువులను గుర్తించినవారు' అని మీ పేరు వేయిస్తాం" అన్నారు ఆవిడ. నిజం చెప్పాలంటే నేను బోర్డు అన్న మాట దగ్గర్నుంచి మాత్రమే విన్నాను.

వంటింట్లో కాఫీ కలుపుతున్న మా ఆవిడ మొత్తం విన్నది. "ఈయనా?" అంది అక్కణ్ణుంచే. హెడ్మిస్ట్రెస్ గారు వెళ్లాక బయటికొచ్చి, "మనింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో చెప్పండి చూద్దాం" అంది.

"పోపుల పెట్టె పక్కన."

"పోపుల పెట్టె ఎక్కడుంటుంది?"

ప్రశ్నకి ప్రశ్న జవాబు కాదని చెప్పి పేపరు తీశాను.

ఇంతకీ ఈ పాండిత్యం నాకెలా అబ్బిందో చెప్పాలి. అబ్బలేదు. వాట్సాప్‌లో మా పేటవాళ్ల గ్రూపు ఒకటుంది. ఒకాయన అటక మీద దొరికిన ఇనుప గొట్టం ఫోటో పెట్టి, ఇదేమిటో చెప్పుకోండి అన్నాడు. నేను ఊదుగొట్టం అన్నాను. పొయ్యిలో మంట ఆరిపోతుంటే ఆడవాళ్లు ఆ గొట్టంతో ఊదేవాళ్లని నాలుగు వాక్యాలూ, ఆ పొగకి మండిన తల్లుల కళ్ల గురించి ఇంకో ఆరు వాక్యాలూ రాశాను. ఇంక చూడండి, చప్పట్లూ దణ్ణాలూ వరసకట్టాయి. ఒకరిద్దరు ఏడుపు బొమ్మలు కూడా పెట్టారు. ఆ రోజు నుంచి ఎవరింట్లో తుప్పు పట్టిన ముక్క దొరికినా నాకు ఫోటో వస్తుంది. తెలిస్తే చెబుతాను. తెలియకపోతే ఇంకా వివరంగా చెబుతాను. హెడ్మిస్ట్రెస్ గారు కూడా ఆ గ్రూపులోనే ఉన్నారు, పాపం.

బోర్డు మీద నా పేరు ఊరంతా చూడాలని నాకేం లేదు. ఒక్క మా అక్కయ్య చూస్తే చాలు. అక్కయ్య నాకంటే ఆరేళ్లు పెద్దది. గుడివాడలో కొడుకు దగ్గర ఉంటుంది. మా చిన్నతనం దివిసీమలో, ఒక కాలవగట్టు పల్లెలో గడిచింది. అమ్మకి ఉబ్బసం. పొగ పడేది కాదు. అందుకని పదమూడో ఏటికే పొయ్యి దగ్గర పని అక్కయ్య మీద పడింది. అప్పట్నుంచీ నన్ను "పళ్లెం ముందు కూర్చోడం తప్ప ఏం తెలీదు వెధవకి" అంటూనే ఉంది. దానికి నా దగ్గర ఒకటే జవాబు. అక్కయ్య పదో తరగతి లెక్కల్లో తప్పింది. నేను జీవితంలో ఏ పరీక్షా తప్పలేదు. ఈ మాట పెళ్లిళ్లలో అన్నాను, గృహప్రవేశాల్లో అన్నాను, తన కోడలి ముందూ అన్నాను. అక్కయ్య నవ్వి ఊరుకునేది. నవ్వింది గనక మళ్లీ అనేవాణ్ణి.

కాబట్టి బోర్డు పడాలి, అక్కయ్య రావాలి, చూడాలి. వంటింటి సామాను గురించి ఈ వెధవకి బోర్డంత తెలుసునని ఒప్పుకోవాలి. ఇదీ నా పథకం.

సామానంతా రెండు గోనెసంచుల్లో వచ్చింది. హెడ్మిస్ట్రెస్ గారి అమ్మమ్మది కూడా దివిసీమే. ఆవిడ వాడినవీ, ఇరుగుపొరుగు ఇచ్చినవీ కలిపి తెచ్చారు. నేను మూడు రోజులు ఆ గదిలో కూర్చుని, భూతద్దం పట్టుకుని, ఒక్కో వస్తువునీ అటూ ఇటూ తిప్పి పరిశోధించాను. సంచిలో అడుగున నల్లటి గుడ్డపీలిక ఒకటుంటే దాంతోనే అన్నిటికీ దుమ్ము తుడిచి, చివరికి ఆ పీలికని చెత్తబుట్టలో పడేశాను.

ఊదుగొట్టానికి కార్డు క్షణంలో అయిపోయింది. వాట్సాప్‌లో రాసిందే దించాను. తర్వాత ఇనుప పట్టకారు ఒకటి వచ్చింది, మూరెడు పొడుగు. ఇక్కడ నాకున్న జబ్బు ఒకటి చెప్పాలి. ఏ వస్తువు చూసినా దానికి బందరుతో సంబంధం కనపడుతుంది నాకు. బందరు రేవు, బందరు అద్దకాలు, బందరు లడ్డు, ఇవి కాక ప్రపంచంలో ఇంకేమైనా ఉంటే అది ఇక్కణ్ణుంచి వెళ్లిందే అయ్యుంటుందని నా నమ్మకం. పట్టకారుకి "చిలకలపూడి గిల్టు నగల పనివారు వాడినది" అని రాశాను.

వెదురుతో అల్లిన మూత లాంటిది ఒకటి కనపడింది, పళ్లెమంత వెడల్పు. దానికి "పూలసజ్జ" అని రాశాను. హెడ్మిస్ట్రెస్ గారు చూసి కొంచెం తటపటాయించారు. "మేం క్రిస్టియన్సండీ. మా అమ్మమ్మకి పూజా అదీ లేదు కదా?"

"చర్చికి పూలు పట్టుకెళ్లేవారేమో" అన్నాను.

ఆవిడ మంచివారు. "అయ్యుండొచ్చండీ" అన్నారు.

ఒక వైపు సగం ఊడిపోయినట్టున్న ఇనుప గరిటెకి "విరిగిన గరిటె" అని రాసి అవతల పెట్టాను. అన్నిటికంటే ఆఖరున, సంచి అడుగు నుంచి ఒక కర్ర బయటపడింది.

మూరెడు కర్ర. చింత చెక్క అనుకుంటాను. తల దగ్గర మణికట్టంత లావు, కిందికి వచ్చేకొద్దీ కాస్త సన్నం. నున్నగా తేలి ఉంది. తల దగ్గర అడ్డంగా చిన్న చీల దిగ్గొట్టి ఉంది. కింది కొస నల్లగా ఉంది. పట్టుకోగానే నా అరచేతికి అది ఎరిగినదిలా అనిపించింది. ఎప్పుడో, ఎక్కడో, సరిగ్గా ఇంతే బరువు పట్టుకున్నాను. ఒక్క నిమిషం ఆగి ఆలోచిస్తే తెలిసేదేమో. కానీ ఆలోచించే అలవాటుంటే నేను వాట్సాప్‌లో పండితుణ్ణి ఎందుకవుతాను?

నేను ఆ నలుపుని చూశాను. తారు! తారు అనగానే పడవ, పడవ అనగానే రేవు, రేవు అనగానే బందరు. ఇంకేముంది, కార్డు దానంతటదే రాసుకుంది: "ఓడ తాడు చుట్టిన కొయ్య. బందరు రేవు వైభవానికి మిగిలిన గుర్తు. కింది కొసన నాటి తారును నేటికీ చూడవచ్చు."

"ఓడ కొయ్య మా అమ్మమ్మ వంటింట్లోకి ఎలా వచ్చిందండీ?" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

"వంటచెరుకు కోసం తెచ్చుంటారు. పొయ్యిలో పెట్టడానికి మనసొప్పక దాచుకుని ఉంటారు" అన్నాను. చెప్పాక నాకే ఎంతో బాగుందనిపించి, అది కూడా కార్డు మీద రాశాను.

ప్రారంభోత్సవం నాడు పొద్దున్నే గుడివాడ వెళ్లి అక్కయ్యని నేనే బయల్దేరదీశాను. రైలుకి టైమైపోతోందని నేను పెట్టిన కంగారులో తను కళ్లజోడు టీవీ మీద మరిచిపోయింది. పెడన దాటాక గుర్తొచ్చింది. "నీ మొహం మండ, కాలు నిలవనివ్వవు కదా" అంది. కళ్లజోడు లేకపోతే అక్కయ్యకి మనుషులు కనపడతారు, అక్షరాలు కనపడవు.

అంటే ఏమైందో మీకర్థమైంది కదా. బడిలో గది ముందు తళతళా మెరుస్తున్న బోర్డు కింద అక్కయ్యని నిలబెట్టాను.

"ఏదో రాసినట్టుంది, ఏమిటి రా?" అంది.

చుట్టూ టీచర్లూ పిల్లలూ నిలబడి ఉన్నారు. నా పేరు నేనే పైకి చదువుకోవలసి వచ్చింది.

"ఎవరూ?" అంది అక్కయ్య. తనకి చెవులు బాగానే వినపడతాయి.

మళ్లీ చదివాను. ఈసారి పిల్లలు నవ్వారు.

లోపల బల్లల మీద తెల్లగుడ్డ పరిచి సామాను వరసగా పెట్టారు. ఒక్కోదాని ముందు నా గుండ్రటి అక్షరాల కార్డు. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు అర్ధచంద్రాకారంగా నిలబడ్డారు. నేను ఊదుగొట్టంతో మొదలుపెట్టాను. తల్లుల కళ్ల గురించి రెండు మాటలు చెప్పి, ఎలా ఊదేవారో చూపిస్తానని గొట్టం నోటికి ఆనించుకున్నాను. ఊదాలంటే ముందు గాలి పీల్చుకోవాలి గదా. నేను గొట్టంలోంచే పీల్చుకున్నాను. అందులో ఎన్నేళ్ల మసి ఉందో నాకు తెలియదు గానీ, అదంతా నా గొంతులోకి వచ్చింది. నేను దగ్గుతూ కూలబడ్డాను. ఎవరో మంచినీళ్లు తెచ్చారు.

"గొట్టం అవతల పెట్టి పీల్చుకోవాలి రా, పెట్టుకుని పీలుస్తారా ఎవరైనా?" అంది అక్కయ్య. "ఇలా ఇయ్యి." కొంగుతో మూతి తుడిచి, గొట్టం వంచి పట్టుకుని, బుగ్గలు పొంగనీయకుండా సన్నగా ఊదింది. బల్ల మీది కార్డు లేచి అవతల పడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

అక్కడితో ఆగితే బాగుండేది. నేను దగ్గుతూ కుర్చీలో ఉన్నాను గనక, పిల్లలు వరసగా అక్కయ్యనే అడగడం మొదలుపెట్టారు. అక్కయ్యకి నా కార్డులు కనపడవు. వస్తువు చేతిలోకి తీసుకుని, తడిమి చూసి చెప్పేది. తను చెప్పింది వినడం, వెంటనే కార్డు చదవడం, మూతికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం, ఇదీ పిల్లల పని.

"ఇది సిబ్బమ్మా. అన్నం ఉడికాక గిన్నె మూతికి దీన్ని అదిమిపెట్టి గంజి వార్చేవాళ్లం."

పిల్లలు కార్డు చూశారు. పూలసజ్జ.

"పట్టకారు. పొయ్యి మీంచి గిన్నెలు దింపేది."

"చిలకలపూడి నగలవాళ్లదని రాసుందండీ" అంది ఒక చురుకైన పిల్ల.

"దీంతో చెవిదిద్దులు చేస్తే చెవులు తెగుతాయి. ఎవరు రాశారూ?" అంది అక్కయ్య. పిల్లలంతా నన్ను చూశారు. నేను మంచినీళ్ల గ్లాసులోకి చూశాను.

విరిగిన గరిటెని చేతిలోకి తీసుకుని మాత్రం అక్కయ్య చాలాసేపు వేలితో దాని అంచు రాసింది. "ఇది విరగలేదమ్మా, అరిగింది. గిన్నె అడుగున గీకి గీకి అరిగింది. మామూలుగా ఎడమ వైపు అరుగుతుంది. ఇది చూశారా, కుడివైపు అరిగింది. ఇది వాడినావిడది ఎడంచేతి వాటం."

హెడ్మిస్ట్రెస్ గారు ఒక అడుగు ముందుకొచ్చారు. "మా అమ్మమ్మది ఎడంచెయ్యేనండీ" అన్నారు. గరిటె తీసుకుని, ఎడంచేత్తో పట్టుకుని, గిన్నె గీకినట్టు గాలిలో తిప్పి చూశారు.

"మసిగుడ్డ ఏదీ?" అంది అక్కయ్య బల్లంతా తడుముతూ. "ఇన్ని ఉన్నాయి, మసిగుడ్డ లేకుండా ఎలా దింపేవాళ్లనుకున్నారు గిన్నెలు? నల్లటి పీలికలాంటిది ఉండాలే."

చెత్తబుట్ట మాట నేను ఎత్తలేదు. అన్నీ తెలిసినమ్మ అమావాస్య నాడు చచ్చిందని ఊరికే అనలేదు పెద్దలు.

ఆఖరున ఆ కర్ర వచ్చింది. పిల్లలు ముందే కార్డు చదివేసుకుని, ఓడ కొయ్యని ఈవిడ ఏమంటుందా అని ఎదురుచూస్తున్నారు. నేను మాత్రం దాని విషయంలో ధైర్యంగానే ఉన్నాను. అది వంటింటి వస్తువు కాదు గదా, అక్కయ్యకి తెలిసే అవకాశం లేదు.

అక్కయ్య దాన్ని రెండు చేతులా అందుకుంది. మొహం విప్పారింది. "ఓసినీ, ఇది ఇంకా ఉందా!" అంది, చుట్టాన్ని చూసినట్టు.

"ఇది పొట్టుపొయ్యి కర్రమ్మా. రేకు డబ్బాకి అడుగున పక్కగా చిల్లు పెట్టించి, ఆ చిల్లులో ఒక చిన్న కర్ర దూర్చేవాళ్లం. దీన్నేమో డబ్బా మధ్యలో నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు పోసి గట్టిగా కూరాలి. కూరాక ఇదిగో, ఈ చీల పట్టుకుని ఇలా మెలితిప్పి మెల్లిగా పైకి లాగాలి. చిన్న కర్రా లాగెయ్యాలి. లోపల దారి మిగులుతుంది. కింద చిల్లులో ఒక పుల్ల ముట్టించి పెడితే రెండు గంటలు దానంతటదే మండుతుంది. ఊదక్కర్లేదు, కట్టెలు ఎగదోయక్కర్లేదు, పొగుండదు."

"చివర నల్లగా ఉంది, తారా అండీ?" అంది ఆ చురుకైన పిల్ల.

"తారెందుకుంటుంది? మసి."

పిల్లలు నవ్వుతున్నారు గానీ నాకు వినపడడం లేదు. అక్కయ్య చేతిలో ఆ కర్ర మెలితిరుగుతోంది. నా అరచేతికి ఎందుకు తెలుసో నాకు తెలిసిపోయింది.

"రాత్రి కూరి పెట్టుకుంటే పొద్దున్నే ముట్టించి ఎసరు పడేసేదాన్ని" అంటోంది అక్కయ్య. "ఇంక దాని జోలికి వెళ్లక్కర్లేదు. పక్కనే పీట వేసుకుని చదువుకునేదాన్ని. పొద్దున్న ఆ రెండు గంటలే నాకు చదువు. మాది దీనికంటే నున్నగా ఉండేది, పడవలు చేసే వడ్రంగి చేసిచ్చాడు. పదో తరగతి పరీక్షలు ఇంకో రెండు నెలలున్నాయనగా అది కనపడకుండా పోయింది."

"ఎలా పోయిందండీ?"

"నేనే పొయ్యిలో పెట్టేశాను. దొడ్లో నీళ్లపొయ్యిలోకి చితుకులు వేస్తూ అదీ వేసేసుంటానని మా అమ్మ కేకలేసింది. వేసే ఉంటాను. పుస్తకం చేతిలో ఉంటే నాకు ఒళ్లు తెలిసేది కాదు. దాని బదులు సీసా పెట్టి చూశాం. లాగితే పొట్టంతా కూలిపోయేది, ఇల్లంతా పొగ, అమ్మకి ఆయాసం. వడ్రంగేమో నాగాయలంక వైపు పడవల పనికి వెళ్లాడు, ఎండాకాలం దాకా రాలేదు. మళ్లీ కట్టెల పొయ్యే. ఊదుగొట్టం ఊదుకుంటూ కూర్చుంటే ఇంక చదివేదేముంది?"

"మరి పరీక్ష పాసయ్యారా అండీ?"

"లెక్కల్లో తప్పాను" అంది అక్కయ్య. "మా తమ్ముణ్ణి అడగండి, వాడికి బాగా గుర్తు."

అందరూ నావైపు తిరిగారు. దొంగకి తేలు కుట్టినట్టు అంటారు చూడండి, అలా కూర్చున్నాను.

ఏం జరిగిందంటే, నాకప్పుడు తొమ్మిదేళ్లు. సెలవు రోజు, కాలవగట్టు మీద క్రికెట్టు. మూడు వికెట్లలో రెండు కందికట్టెలు. అవి గాలికే పడిపోయేవి. నేను ఇంట్లోంచి పొట్టుపొయ్యి కర్ర పట్టుకెళ్లాను. కింది కొస సన్నం గనక నేలలో చక్కగా దిగింది. అంత దర్జా అయిన మధ్య వికెట్టు తెచ్చినందుకు బ్యాటింగు మొదట నాదే అన్నాను, ఇచ్చారు. రెండో బంతికి అది కాస్తా ఎగిరిపడింది. నో బాలు అన్నాను. ఎవరూ ఒప్పుకోలేదు. నాకు ఒళ్లు మండింది. "అయితే ఇంక ఎలా ఆడతారో చూస్తాను" అని కర్ర తీసి కాలవలోకి విసిరేశాను. నీళ్లు నిండుగా ఉన్నాయి. చెక్క కదా, మునగలేదు. తేలుతూ, తిరుగుతూ, సముద్రం వైపు పోయింది. ఓడ కొయ్య అని రాశాను గదా, మరీ అబద్ధమేం కాదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ అక్కయ్యని కేకలేస్తోంది. అక్కయ్య నీళ్లపొయ్యి ముందు గొంతుక్కూర్చుని బూడిద కెలుకుతోంది, కాలిన ముక్కైనా దొరుకుతుందేమోనని. నేను కాళ్లు కడుక్కుని వెళ్లి పళ్లెం ముందు కూర్చున్నాను. అంతే. తర్వాత మరిచిపోయాను. పరీక్ష తప్పడానికీ దానికీ సంబంధం ఉందని ఈ యాభై చిల్లర ఏళ్లలో ఒక్కసారి కూడా నాకు తోచలేదు. తోచకపోగా, ఆ తప్పడం మీదే పెళ్లిళ్లలో జోకులు వేసి బతికాను.

హెడ్మిస్ట్రెస్ గారు నన్ను పక్కకి పిలిచారు. ఆ గరిటె ఇంకా ఆవిడ ఎడంచేతిలోనే ఉంది. "ఏమీ అనుకోకపోతే, బోర్డు మీద మీ అక్కయ్యగారి పేరు కూడా వేద్దామండీ" అన్నారు.

"కూడా ఎందుకండీ?" అన్నాను. కాగితం అడిగి తీసుకుని, పెయింటర్ కోసం అక్కయ్య పేరు గుండ్రంగా రాసిచ్చాను. పాత పేరు చెరిపేయమని కింద రాశాను. ఆ పని నాకు అలవాటే. ఓడ కార్డు చించి జేబులో పెట్టుకున్నాను. చెత్తబుట్ట కూడా వెతికాను గానీ అప్పటికే ఎవరో ఖాళీ చేసేశారు.

సాయంత్రం రైల్లో అక్కయ్యని గుడివాడ దిగబెట్టడానికి బయల్దేరాను. తను మంచి హుషారుగా ఉంది. పిల్లలు తన చుట్టూ చేరి ఫోటోలు దిగారు మరి. బడివాళ్లు ఇచ్చిన బందరు లడ్డు పొట్లం విప్పి నాకు సగం పెట్టింది. చిలకలపూడి దాటగానే చెబుదామనుకున్నాను. ఎదురుగా ఎవరో కూర్చున్నారు. వాళ్లు పెడనలో దిగారు. పెడన దాటాక చెబుదామనుకుంటే లడ్డు నోట్లో ఉంది. కవుతరం వచ్చింది. తిన్నాక నీళ్లు తాగాలి. గుడ్లవల్లేరు వచ్చింది. ఈ రైలు ఇంత త్వరగా వెళ్లడం నేనెప్పుడూ చూడలేదు.

"అక్కయ్యా" అన్నాను. "ఆ కర్ర నువ్వు పొయ్యిలో పెట్టలేదు. నేను పట్టుకెళ్లాను. వికెట్టుకి. కోపమొచ్చి కాలవలో విసిరేశాను."

అక్కయ్య నావైపు చూసింది. నా మొహం మీద ఏదో రాసున్నట్టు కళ్లు చికిలించి చూసింది.

"మధ్య వికెట్టా?"

"ఆఁ."

"ఔటయ్యావా?"

"నో బాలు అన్నాను."

"నువ్వేమన్నావని కాదు. ఔటేనా?"

"ఔటే" అన్నాను. ఆ మాట ఒప్పుకోవడం అదే మొదలు.

అక్కయ్య ఫక్కున నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది. చూశావా, ఎంత పెద్ద మనసో, అయిపోయింది అనుకున్నాను. నేను ఎప్పుడూ అంతే. తను నవ్వగానే అయిపోయిందనుకుంటాను.

నవ్వు ఆగాక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కోసిన చేలల్లో గడ్డి కుప్పలు వెళ్లిపోతున్నాయి. "అయితే నేను కాదన్నమాట" అంది. నాతో అనలేదు. "నేను కాదు" అని మళ్లీ అంది.

క్షమించమని అడగాలని నోరు తెరిచాను. పొద్దుటి మసి ఇంకా లోపల ఉన్నట్టుంది, దగ్గొచ్చింది.

బండి గుడివాడ స్టేషన్‌లోకి వస్తోంది. అక్కయ్య సంచి తీసుకుని లేచింది. నేను అందుకోబోతే ఇవ్వలేదు. తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడి, బండి ఆగకముందే అంది.

"అమ్మ పోయే ముందు నేను వండిపెడుతుంటే కూడా అనేది రా, 'పరధ్యానంగా ఉండకే, ఆ కర్రని పొయ్యిలో పెట్టినట్టు చెయ్యి కూడా పెట్టుకుంటావు' అని. సరేనమ్మా అనేదాన్ని. ఈ మాట అమ్మ ఉండగా చెప్పాల్సింది నువ్వు."

బండి ఆగింది. అక్కయ్య ముందు దిగింది. నేను వెనక దిగాను.